రిసిప్ట్

రాత్రి పదకొండు దాటినాక
ఇస్తికానాలు కడిగి బోర్లించి
చేతులు తుడుచుకుంటా ఉంటే
లుల్వా వచ్చి వంటింటి బల్ల మీద కూర్చుంటాది
అట్టముక్కల కట్ట ముందేసుకుని.
‘సుబ్బా, నువ్వు చదువు. నేను అర్థం చెప్తా.’

లుల్వా అంటే ముత్యమంట.
పద్దెనిమిదేండ్లు. గోర్లు కొరుక్కుంటాది.
యూనివర్సిటీ పరీక్షకి ఇంకా ఇరవై రెండు రోజులు.
లెక్కలైతే నీళ్లు తాగినట్టే.
ఇంగిలీషు కాడికొచ్చేసరికి
గొంతులో ఖర్జూరం గింజ.

నాకేమొచ్చు ఇంగిలీషు?
చిట్వేలి హైస్కూల్లో
అదొక్కటే పోయింది, నాలుగు మార్కుల్లో.
ఆ నాలుగు మార్కులే
చెయ్యి పట్టుకోని విమానం ఎక్కించినాయి అనుకో.
అక్షరాలొచ్చు. కూడబలుక్కుంటా.
కనపడిందంతా చదువుతా,
వడ్డీకి తెచ్చిన డబ్బు లెక్కబెట్టినట్టు
ఒక్కటీ వదలకుండా.

‘డౌ-బ్-ట్.’
పడీ పడీ నవ్వింది.
‘బీ పలకగూడదు సుబ్బా. డౌట్.’
‘మరి ఎందుకుండాది?’
‘ఉండాది, అంతే. పలకదు.’
‘తీసేస్తే?’
‘తీసేస్తే తప్పు. మార్కు పోతాది.’

ఇంకోటి తీసినా. ‘క్-నైఫ్.’
ఉల్లిగడ్డలు కోసే కత్తి నా చేతిలోనే ఉండాది.
ఇంకోటి. ‘ఇస్-ల్యాండ్.’
‘చుట్టూ నీళ్లు, నడిమిన ఒక్కటే నేల,’ అనింది.
‘ఎస్ పలకదు.’

ఆ వారమంతా మూగ అక్షరాలే ఏరినాం
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
ఏరి, పారేయకుండా
మళ్లా బియ్యంలోనే కలిపినాం.

గురువారం రాత్రి దీవానియాకి ముప్పై మంది.
తలుపు సందులోంచి మజ్బూస్ తాంబాళం అందిస్తే
ఒక చెయ్యి వచ్చి తీసుకుండింది.
‘ఎవరు వండినారు?’ లోపల ఎవరో అడిగినారు.
‘ఇంట్లోనే,’ అన్నారు.

పెద్దామెకు ‘పా’ నోరు తిరగదు.
అరబ్బీలో ఆ అక్షరమే లేదంట.
ప్లేటు అంటే బ్లేటు.
నా పాసుపోర్టు ఆమె బీరువాలో
ఆరేండ్లుగా బాసుబోర్టయి పండుకోనుండాది.

ఇంకో రాత్రి పెద్ద పేరా వచ్చింది.
బయట అంత పొద్దుపోయినా నలభై డిగ్రీలు,
ఏసీ నీళ్లు బకెట్లో టప్ టప్.
పేరా ఏమో పెంగ్విన్ల గురించి.
మంచులో వేలకొద్దీ ఆనుకుని నిలబడతాయంట,
నడిమికొచ్చింది కాసేపు చలి కాగి
తన వంతు అయినాక అంచుకు పోయి
గాలికి వీపు పెడతాదంట.
ఎందుకట్లా చేస్తాయి? నాలుగు జవాబులు.
లుల్వా తప్పుది పెట్టింది.
సగం మాటలు తెలీకనే నేను సరైందాని మీద వేలు పెట్టినా.
‘నీకెట్లా తెలుసు?’
మాలియాలో శుక్రవారం బస్సుల కాడ మమ్మల్ని చూసుంటే
ఆమెకీ తెలిసేది.
చెప్పలేదు. మాడిన గిన్నె మిగిలిపోయింది, తోమినా.

పరీక్ష నాడు
అబాయాకి ఇస్త్రీ చేసి, రెండు పెన్సిళ్లు చెక్కి ఇచ్చినా.
కారెక్కబోతా వెనక్కి తిరిగి
‘డౌ-బ్-ట్!’ అని అరిచింది నా మాదిరే.
డ్రైవరు బిత్తరపోయినాడు.

మధ్యాహ్నం వచ్చి చెప్పింది,
స్పెల్లింగులు ఒక్కటీ తప్పలేదంట.
‘చెవిలో నీ గొంతే సుబ్బా,
పలకనివన్నీ పలుకుతా.’
ఆ మాట చెప్పి మంచినీళ్లు అడిగింది.
ఇచ్చినా.
మార్కులు ఇంకా రాలేదు.

శుక్రవారం. మాలియాలో డబ్బు పంపే కౌంటరు.
మా చెల్లెలు ఇందుమతి నర్సింగు ఫీజుకి అరవై దినార్లు.
అద్దం వెనకాల మలయాళీ పిల్లోడు కాగితం జరిపినాడు.
పైన లావు అక్షరాలు.
‘రి-సిప్-ట్,’ చదివినా గట్టిగా.
‘రిసీట్, చేచీ. పీ సైలెంటు.’
‘తెలుసు నాయనా,’
అంటానే కాగితం మడిచి
ఇంకో తూరి చదివినా,
పీ కాడ పెదాలు రెండూ
బాగా ఆనించి.